ఉప్పాడ దారిలో ముసురు

గత శ్రావణమున, అల్పపీడనము పట్టి రెండు దినములుగా ముసురు విడువని వేళ, మేము యానాము నుండి కాకినాడ మీదుగా ఉప్పాడకు కారులో బయలుదేరితిమి. ఇంట పెండ్లి. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ జాందానీ చీరలు లేనిదే పెండ్లి కళ రాదని మా యాడువారి నమ్మకము.

కాకినాడ దాటినది మొదలు సముద్రము కుడిచేతి ప్రక్కనే వెంట వచ్చును. ఆనాడు నింగికిని నీటికిని నడుమ గీత కానరాలేదు. ఒడ్డున పేర్చిన బండరాళ్ళపై కెరటము విరిగి, నురుగు రోడ్డు మీదికి దూకుచుండెను. పిల్లలు కేరింతలు కొట్టిరి. పెద్దలమయ్యు మేమును ‘ఆహా’ యనుకొని, కారు నాపించి చూచితిమి.

అచట నొక ముసలమ్మ గోనెపట్టా కప్పుకొని, గోడ సగము కూలిన యింటి నుండి బిందెలు, బియ్యపు డబ్బా మెరకకు మోయుచుండెను. మా పిల్లవాడు ‘ఎంత బాగుందో!’ యని కేక వేయగా నామె తిరిగి చూచెను. ఆ చూపులో కోపము లేదు. “చూడండి బాబూ, మా అత్తోరిల్లు ఆ అల కాడ ఉండేది” అని నీళ్ళ వైపు చేయి చాపెను.

ఒకరి కొంప ముంచు కెరటమును చూచి మరియొకరు ఆనందించుట పాపమా? ఆనాటి నుండి ఈ ప్రశ్న మమ్ము విడువలేదు.

మన యాలంకారికులు భయానకమును గూడ రసముగనే యెంచిరి. నాటకములోని భయము ఏ యొక్కరి సొంతము కాకపోవుట చేతనే ప్రేక్షకునకు ఆస్వాద్యమగునని అభినవగుప్తుని వివరణము. మంచిదే. కాని ఉప్పాడ నాటకము కాదు. అచటి భయమునకు సొంతదారులు కలరు, రేషను కార్డులతో సహా. అట్లని కెరటము అందముగా లేదనుట అబద్ధము. మనము కన్నులు మూసికొన్నచో ఆమె గోడ నిలువబోదు.

మిత్రు డొకరు, ‘ప్రకృతి యెవరి పక్షమును వహింపదు, మీ కేల బాధ?’ యనిరి. అది సగము మాట. హోప్ ఐలాండు ఇసుకతిప్ప అలల దారిని మరల్చుట, రేవు కట్టడములు, ఆనకట్టల వెనుక నిలిచిపోవు ఒండ్రు, ఇవియు ఉప్పాడ కోతకు కారణములని పరిశోధకులు చెప్పుచున్నారు. ఆ తిప్పయే కాకినాడ రేవును అలల తాకిడి నుండి కాచుచున్నది. ఆ రేవు నీడను బ్రదికిన మావంటి వారు అంతయు ప్రకృతిపై నెట్టి తప్పుకొనుట చెల్లునా?

1996 నవంబరు 6 నాటి తుపాను తరువాత, నేలగూలిన కొబ్బరితోటలను చూచుటకు మా వైపునకు దూరము నుండి కార్లు వచ్చెను. పెంకులెగిరిన మా యింటి ముంగిట మేము నిలిచియుండగా, ఒకాయన ఫొటో తీసికొని పలుకరింపక పోయెను. మరియొకాయన దిగి, ‘తాగను నీళ్ళున్నవా?’ యని మమ్ము నడిగి, కొంతసేపు నిలిచి పోయెను. ఇచ్చిన దేమియు లేదు. అయినను ఆ యిరువురిని మేము ఒకే రీతిగ తలపలేము. రెండవ ఆయన చూచినదియు ఆ తోటలనే. కాని ఆ చూపులో మేము గూడ నుంటిమి.

ఉప్పాడ నుండి మరలి వచ్చునపుడు అదే చోట కారు దిగితిమి. బిందెలు మెరకకు చేరినవి. తుపాను వెలిసిన పిదప ఇచట జనులు ఇసుకలో బంగారు రవ్వలకై వెదకుట కలదు. 2020లో నివర్ తుపాను వేళ పత్రికలలో గూడ వచ్చినది. ఆ మాట యెత్తగా ముసలమ్మ, “దొరికితే మా అత్తోరిదే అయ్యుంటది” అని నవ్వెను. మా పిల్లవాడు అల వైపే చూచుచు, ఆ యిల్లెంత పెద్దదని ఆమె నడిగెను.