పిల్లల ఆట – తల్లిదండ్రుల సాక్ష్యం

 

పాఠశాలల క్రీడాపోటీల కాలం వచ్చిందంటే మన ఇళ్ళలోనూ హడావిడి మొదలవుతుంది. హాకీలో అండర్-14, అండర్-17 జట్లకు మండల స్థాయి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి ఎంపికలు జరుగుతాయి. ఫజ్ర్ నమాజు కాగానే పిల్లవాడిని బండి వెనక కూర్చోబెట్టుకుని గ్రౌండుకు తీసుకువెళ్ళే తండ్రులున్నారు. ఇంటి ఖర్చులో పొదుపు చేసి స్టిక్కు, బూట్లు, ప్యాడ్లు కొనిచ్చే తల్లులున్నారు. ఇది సంతోషించదగ్గ విషయమే. ఆరోగ్యానికి, క్రమశిక్షణకు తోడ్పడే ఆటను ఇస్లాం కాదనదు. దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. ఒకసారి ఆమె గెలిచారు, మరోసారి ఆయన గెలిచారు. ఈ విషయం అబూదావూద్ గ్రంథంలో ఉంది.

నమాజు వేళలు, దుస్తుల మర్యాదలు వంటి విషయాలు మన పాఠకులకు తెలిసినవే కనుక వాటిని ఇక్కడ వివరించబోవడం లేదు. ఈ నాలుగు మాటలు గ్రౌండు అంచున నిలబడే తల్లిదండ్రుల కోసం.

ధనమూ సంతానమూ మీకు పరీక్ష అని దివ్యఖుర్ఆన్ అల్ అన్‌ఫాల్ సూరాలోనూ, అత్ తగాబున్ సూరాలోనూ హెచ్చరించింది. సంతానం పరీక్ష అనగానే మనకు వారి చెడు నడవడి, వారి అనారోగ్యం గుర్తుకు వస్తాయి. కాని బిడ్డ బుద్ధిమంతుడై, చక్కగా ఆడుతున్నప్పుడు కూడా పరీక్ష ఉంటుంది. అప్పుడు పరీక్షింపబడేది తండ్రి న్యాయబుద్ధి. అన్ నిసా సూరా 135వ వాక్యంలో అల్లాహ్ విశ్వాసులను న్యాయం పక్షాన స్థిరంగా నిలబడమన్నాడు. ఆ సాక్ష్యం తమకు, తమ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా ఉన్నా సరే నిజమే పలకమన్నాడు. పరాయివారి విషయంలో న్యాయం చెప్పడం అంత కష్టం కాదు. మన బిడ్డ మీదికి వచ్చినప్పుడే నాలుక తడబడుతుంది.

మొట్టమొదటి తడబాటు పుట్టినతేదీ దగ్గర జరుగుతుంది.

వయసు తగ్గించి రాయించడం మన సమాజంలో ఎంత మామూలైపోయిందో చెప్పనక్కరలేదు. పదహారేళ్ళ కుర్రవాడిని అండర్-14లో ఆడించడానికి కొత్త సర్టిఫికెట్ పుట్టించడం, బోనఫైడ్‌లో తేదీ మార్పించడం, పైగా దాన్ని తెలివితేటల కింద లెక్కగట్టడం! ఈ జబ్బు ఎంతగా ముదిరిందంటే 2010లో కేంద్ర క్రీడా మంత్రిత్వశాఖ వయసు మోసాలను అరికట్టడానికి జాతీయ నియమావళిని తీసుకురావలసి వచ్చింది. ఎడమచేతి మణికట్టు ఎముకలను ఎక్స్‌రే తీసి పిల్లల వయసును అంచనా వేస్తున్నారు. కన్నతండ్రి నోటిమాట మీద నమ్మకం పోయి ఎముకలను అడగవలసిన స్థితి వచ్చింది.

ఇక ఇటు చూడండి. ఉహద్ యుద్ధ సమయంలో హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమర్ (రజి)ను దైవప్రవక్త (స) ముందు హాజరుపరిచారు. అప్పుడు ఆయన వయసు 14 ఏళ్ళు. దైవప్రవక్త (స) అనుమతించలేదు. తర్వాత కందక యుద్ధానికి 15 ఏళ్ళ వయసులో వచ్చినప్పుడు అనుమతించారు. ఈ సంగతిని ఇబ్నె ఉమర్ (రజి) తానే చెప్పుకున్నారు, బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదై ఉంది. తరువాతి కాలంలో ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ దీన్ని విని, పిల్లలకూ పెద్దలకూ మధ్య హద్దు ఇదేనని తన అధికారులకు రాసి పంపారు.

ఆ కుర్రవాడి తండ్రి ఎవరో ఆలోచించండి. హజ్రత్ ఉమర్ (రజి)! దైవప్రవక్త (స)కు అంత సన్నిహితుడైన సహాబీ. ఆయన కుమారుడికి కూడా వయసు హద్దు వయసు హద్దే అయింది. ఒక్క ఏడాది పెంచి చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. అదీ ధర్మమార్గంలో ప్రాణాలివ్వడానికి వెళ్ళే సందర్భంలో. మనమేమో ఒక పతకం కోసం, క్రీడా కోటాలో ఒక సీటు కోసం రెండేళ్ళు మింగేస్తున్నాం.

“పెద్ద పాపమేముంది మౌలానా, అందరూ చేస్తున్నదే కదా” అంటారు కొందరు. దైవప్రవక్త (స) మహాపాపాలను చెబుతూ ముందు బహుదైవారాధనను, తల్లిదండ్రులపట్ల అవిధేయతను పేర్కొన్నారు. అంతవరకూ ఆనుకుని కూర్చున్నవారు లేచి నిటారుగా కూర్చుని, అబద్ధపు సాక్ష్యం అన్నారు. ఆ మాటను ఎన్నిసార్లు తిరిగి తిరిగి చెప్పారంటే, ఇక ఆపితే బాగుండునని సహాబాలు అనుకున్నారట. బుఖారీ గ్రంథంలోని ఉల్లేఖనమిది. పుట్టినతేదీ కాగితం కింద తండ్రి చేసే సంతకం సాక్ష్యం కాక మరేమిటి?

పైగా ఇందులో హక్కుల్ ఇబాద్, అంటే సాటి మనుషుల హక్కు ఇమిడి ఉంది. జట్టులోకి ఇంతమందే అని లెక్క ఉంటుంది. వయసు దాచిన మీవాడు లోపలికి వెళితే, నిజంగా పదమూడేళ్ళున్న మరో పిల్లవాడు బయటికి వస్తాడు. వాడు ముస్లిమా, హిందువా, క్రైస్తవుడా అన్న ప్రశ్నే లేదు. వాడి హక్కు పోయింది. వాడి తండ్రి కూడా తెల్లవారుజామున బండి మీద తీసుకువచ్చినవాడే. అంతేకాదు, పదహారేళ్ళ బలంతో కొట్టిన బంతి పదమూడేళ్ళ పిల్లవాడి ముఖానికి తగిలితే ఏమవుతుందో హాకీ తెలిసినవారికి వేరే చెప్పాలా?

దైవప్రవక్త (స) గుర్రపు పందేలు పెట్టించినప్పుడు ఎంత శ్రద్ధ తీసుకున్నారో చూడండి. తర్ఫీదు పొందిన గుర్రాలకు అల్ హఫ్‌యా నుంచి సనియ్యతుల్ వదా వరకు, ఐదారు మైళ్ళు. తర్ఫీదు లేనివాటికి సనియ్యతుల్ వదా నుంచి బనూ జురైఖ్ మస్జిద్ వరకు, మైలు దూరం. రెంటినీ కలిపి పరుగెత్తించలేదు. మూగజీవాలకే వేర్వేరు పందేలు పెట్టిన ధర్మం మనది.

ఇందులో మరో నష్టం ఇంట్లోనే జరుగుతుంది. ఒక తల్లి తన బిడ్డను “రా, నీకొకటి ఇస్తాను” అని పిలిస్తే, దైవప్రవక్త (స) ఏమివ్వబోతున్నావని అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకుండా పిలిచి ఉంటే నీ పేర అబద్ధం రాయబడేది అన్నారు. బిడ్డతో ఆడిన చిన్న అబద్ధానికే లెక్క ఉన్నప్పుడు, “బేటా, ఎవరైనా అడిగితే నీ పుట్టిన సంవత్సరం ఇదని చెప్పు” అని బిడ్డచేతనే అబద్ధమాడించడం ఎంతటిది? వాడు ఆ తేదీని గుర్తుపెట్టుకుంటాడు. అబ్బా తనకు నేర్పిన పాఠాన్ని కూడా గుర్తుపెట్టుకుంటాడు.

ఇప్పటికే ఇలా చేసి ఉన్నవారు నిరాశపడనక్కరలేదు. తౌబా ద్వారం తెరిచే ఉంది. అయితే ఇతరుల హక్కుతో ముడిపడిన పాపానికి నోటితో అస్తగ్‌ఫిరుల్లాహ్ అనడం ఒక్కటే చాలదు. ఆ హక్కు తిరిగి చేరాలి. తేదీని సరిచేయించండి, పిల్లవాడిని తన వయసు విభాగంలోకి మార్పించండి. ఒక సంవత్సరం ఆట పోవచ్చు, నలుగురిలో నామోషీ కావచ్చు. దానికి సిద్ధపడాలి.

అలాగని పొడుగ్గా కనిపించిన ప్రతి ప్రత్యర్థి పిల్లవాణ్ణీ “వీడికి పద్దెనిమిదేళ్ళుంటాయి” అని వేలెత్తి చూపకండి. పిల్లలు ఒకే తీరున ఎదగరు. ఎముకల పరీక్ష కూడా అంచనాయే, అందులోనూ తేడా రావచ్చు. అనుమానాలకు దూరంగా ఉండమని అల్ హుజురాత్ సూరా ఆదేశిస్తున్నది. ఆధారముంటే నిర్వాహకులకు రాసి ఇవ్వండి. ఆధారం లేకపోతే నోరు మూసుకోవడం మేలు.

మ్యాచ్ మొదలయ్యాక మరో పరీక్ష ఉంది. హాకీలో ఇద్దరు అంపైర్లుంటారు, చెరో సగం చూసుకుంటారు. పాఠశాలల పోటీల్లో చాలాసార్లు వారు కూడా నిన్నమొన్నటి ఆటగాళ్ళే, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. పెద్ద పోటీల్లోలాగా వీడియో చూసి నిర్ణయం మార్చే ఏర్పాటు అక్కడ ఉండదు. బంతి కాలికి తగిలిందా లేదా అన్నది కన్ను మూసి తెరిచేలోగా తేల్చాలి. మనవాడికి గ్రీన్ కార్డు చూపి రెండు నిమిషాలు బయట కూర్చోబెడితే గట్టున ఉన్న పెద్దలు ఎంతటి మాటలంటారో వినే ఉంటారు. ఎదుటి జట్టు పిల్లవాడికి అదే కార్డు చూపితే చప్పట్లు. తప్పు ఒకటే, తీర్పులు రెండు!

అన్ నిసా సూరాలోనే 105వ వాక్యం నుంచి ఒక ఘటన ప్రస్తావన ఉంది. మదీనాలో ఒక వ్యక్తి దొంగతనం చేశాడు. అతని బంధువులు గుంపుగా వచ్చి తమవాడు మంచివాడని వకాల్తా పుచ్చుకున్నారు, నేరాన్ని నిరపరాధి మీదికి నెట్టారు. ఆ నిరపరాధి ఒక యూదుడని పలువురు వ్యాఖ్యాతలు రాశారు. అల్లాహ్ వాక్యాలను అవతరింపజేసి నిర్దోషిని నిర్దోషిగా నిలబెట్టాడు, ద్రోహుల తరఫున వాదించవద్దని హెచ్చరించాడు. మనవాడు గనుక మంచివాడు అనే వాదన ఖుర్ఆన్ ముందు అలా వీగిపోయింది. అల్ మాయిదా 8వ వాక్యం మరో వైపు నుంచి ఇదే చెబుతుంది. ఒక జాతిపట్ల ఉన్న ద్వేషం సైతం మిమ్మల్ని న్యాయం తప్పనివ్వకూడదన్నది దాని భావం. మరి పక్క మండలం జట్టుమీద ద్వేషమెంత?

ఓడినప్పుడు నింద గోల్‌కీపర్ మీదికి పోతుంది. 1982 డిసెంబరు 1న ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ పాకిస్తాన్ చేతిలో 7-1 తేడాతో ఓడిపోయింది. ఆ రోజు గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగి. జట్టంతా ఓడితే, ఆయన అమ్ముడుపోయాడని రుజువులేని అపవాదు వేశారు, ఏళ్ళ తరబడి వెంటాడారు. అదే నేగి 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత మహిళల జట్టుకు గోల్‌కీపింగ్ శిక్షణ ఇచ్చారు. పెద్దవాడు కనుక తట్టుకున్నారు. పన్నెండేళ్ళ పిల్లవాడు గోల్ వదిలేసినప్పుడు, “వాడివల్లే పోయింది” అని వాడి తల్లి చెవిన పడేలా అనడం ఏ రకమైన మగతనం?

దైవప్రవక్త (స) వద్ద అజ్బా అనే ఆడ ఒంటె ఉండేది. పందెంలో దానికి ఎదురుండేది కాదు. ఒకసారి ఒక ఎడారివాసి తన ఒంటెతో వచ్చి దాన్ని ఓడించాడు. ముస్లింలకు అది మింగుడుపడలేదు. వారి ముఖాలు చూసి దైవప్రవక్త (స), లోకంలో పైకి లేచిన దేన్నయినా దించడం అల్లాహ్ విధానమని తెలియజేశారు. ఓడింది తన ఒంటె. గెలిచినవాణ్ణి తప్పుపట్టలేదు, పందెం మళ్ళీ పెట్టమనలేదు. బాధపడినవారు సహాబాలే అన్నది కూడా గమనించాలి. ఓటమికి బాధ కలగడం సహజం, దాన్ని పాపమనడం లేదు.

అయితే అన్యాయం జరిగినా తండ్రి నోరెత్తకూడదా? ఎత్తవచ్చు. ఉహద్ సందర్భంలోనే రాఫె బిన్ ఖదీజ్ (రజి) అనే కుర్రవాడు మంచి విలుకాడని చెప్పగా దైవప్రవక్త (స) అనుమతించారు. సమురా బిన్ జున్‌దుబ్ (రజి)ను వెనక్కి పంపారు. అప్పుడు సమురా సవతి తండ్రి వచ్చి, రాఫెను అనుమతించారు, మా అబ్బాయి అతణ్ణి కుస్తీలో పడగొట్టగలడు అని విన్నవించాడు. సరే, పట్టండి అన్నారు దైవప్రవక్త (స). సమురా గెలిచాడు, అతనికీ అనుమతి దొరికింది. ఆ తండ్రి తీరు చూడండి. నిర్ణయించే వ్యక్తి దగ్గరికే వెళ్ళాడు, రాఫెను చిన్నబుచ్చలేదు, పరీక్షించి చూడమన్నాడు. అందరి ముందూ తేలిపోయింది. ఇంతవరకు మనకు హక్కుంది. ఎమ్మెల్యేగారితో ఫోను చేయించి ఎంపిక జాబితా మార్పించే హక్కు లేదు.

పలుకుబడి ఉన్న తండ్రుల గురించి ఒక ఉదంతం ప్రసిద్ధం. దాని ఉల్లేఖన పరంపర బలాన్ని గురించి పండితులు చర్చించారు కాబట్టి చరిత్ర కథనంగానే చెబుతున్నాను. ఈజిప్టు గవర్నరు హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) కుమారుడు పందెంలో ఒక ఖిబ్తీ క్రైస్తవుడి చేతిలో ఓడిపోయి, నేను గొప్పవాళ్ళ బిడ్డనంటూ కొరడాతో కొట్టాడట. బాధితుడు మదీనాకు వచ్చి మొరపెట్టుకుంటే హజ్రత్ ఉమర్ (రజి) తండ్రీకొడుకులిద్దరినీ పిలిపించి, అదే కొరడాను ఆ ఖిబ్తీ చేతికిచ్చారు. ఉమర్ (రజి) గవర్నరును సైతం ఎందుకు పిలిపించారు? తండ్రి అధికారమే కొడుకు చేతిలో కొరడా అయింది గనుక.

బెంచీ మీద కూర్చోబెట్టారన్న ఫిర్యాదు మాత్రం చాలావరకు ఓపికతో తీరేదే. హాకీలో మైదానంలో 11 మందే ఉంటారు, కాని ఆటగాళ్ళ మార్పిడికి లెక్క లేదు. కోచ్ ఎన్నిసార్లయినా దించవచ్చు, ఎక్కించవచ్చు. 1975 కౌలాలంపూర్ ప్రపంచకప్‌లో అస్లం షేర్‌ఖాన్ బెంచీ మీదే ఉన్నారు. ఆయన తండ్రి అహ్మద్ షేర్‌ఖాన్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్ స్వర్ణం గెలిచిన జట్టు సభ్యుడు. అయినా పేరు చూసి ఎవరూ దించలేదు. సెమీఫైనల్లో మలేసియాపై ఓటమి అంచున ఉన్నప్పుడు దించితే పెనాల్టీ కార్నర్‌ను గోల్ చేసి సమం చేశారు. ఆ కప్పు భారత్ గెలిచింది.

ఇక ఇంటి సంగతి. ఆడే కొడుకు ఒకడుంటే ఇల్లంతా వాడి చుట్టూ తిరుగుతుంది. వాడికి పాలు, గుడ్లు, మాంసం. వాడి స్టిక్కు విరిగితే మర్నాటికి కొత్తది. ఆడని తమ్ముడికి పుస్తకాల డబ్బు వచ్చే నెల. కూతురు ఏదైనా నేర్చుకుంటానంటే చూద్దాంలే. అవసరాన్నిబట్టి ఖర్చులో తేడా ఉండవచ్చు, దాన్ని పండితులు తప్పుపట్టలేదు. తండ్రి ముఖంలోని వెలుగు ఒకరికే దక్కి, మిగతావారికి నీడ మిగలడమే బాధాకరం. ఆడలేని బిడ్డ ఈ తేడాను నోటితో చెప్పడు.

నోమాన్ బిన్ బషీర్ (రజి) చిన్నతనంలో ఆయన తండ్రి ఆయనకొక కానుక ఇచ్చారు. దైవప్రవక్త (స)ను సాక్షిగా పెడితేగాని ఒప్పుకోనని తల్లి అమ్రా బిన్తె రవాహా (రజి) పట్టుబట్టారు. తండ్రి వెళ్ళి విషయం చెప్పారు. నీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని దైవప్రవక్త (స) అడిగారు. లేదన్నారు. వారంతా నీపట్ల సమానంగా మంచిగా ఉండాలని కోరుకోవడం లేదా అని కూడా అడిగారు. కోరుకుంటున్నానన్నారు. అయితే అన్యాయానికి నేను సాక్షిగా ఉండనని దైవప్రవక్త (స) నిరాకరించారు. బషీర్ (రజి) ఇంటికి తిరిగివచ్చి ఆ కానుకను వెనక్కి తీసుకున్నారు.