ఫోన్ చెప్పే ‘లేదు’

పుస్తకం వెనక అట్ట మీది నల్లగీతలకు ఫోన్ చూపిస్తే చాలు, పేరు, రచయిత, ప్రచురణకర్త, ఇంకే గ్రంథాలయంలో ఆ పుస్తకం ఉందో కూడా తెలిసిపోతుంది. ఉదయగిరిలో డిగ్రీ చదివే కుర్రాడికైనా, ఆత్మకూరులో పోటీ పరీక్షలకు తయారయ్యే అమ్మాయికైనా ఇది పెద్ద వసతే. మరి తెర మీద “వివరాలు లేవు” అని వస్తే? ఆ మాటను ఎంతవరకు నమ్మాలి?

మన తర్కశాస్త్రం శతాబ్దాలపాటు తర్కించిన ప్రశ్న ఇది.

ముందు ఆ గీతల సంగతి. వాటిలో ఉండేది పుస్తకపు గుర్తింపు సంఖ్య, 13 అంకెల ఐఎస్‌బీఎన్. మొదట సాధారణంగా 978, మన దేశపు పుస్తకమైతే ఆ వెంటనే 81 గానీ 93 గానీ. మొదటి 12 అంకెలను వరసగా ఒకదాన్ని 1తో, తర్వాతిదాన్ని 3తో గుణించుకుంటూ పోయి అన్నీ కూడాలి. ఆ మొత్తానికి చివరి అంకె కలిపితే శేషం లేకుండా పదితో భాగింపబడాలి. ఒక్క అంకె తప్పు చదివినా లెక్క కుదరదు. ‘ఉంది’ అనే మాటకు ఇంత కాపలా ఉంది. ‘లేదు’కు ఏ కాపలా లేదు.

17వ శతాబ్దంలో ‘తర్కసంగ్రహం’ రాసిన తెలుగు పండితుడు అన్నంభట్టు ఏడు పదార్థాలు చెప్పి, ఏడోదిగా అభావాన్ని లెక్కించాడు. లేకపోవడం కూడా తెలుసుకోదగిన విషయమే. అయితే ఏది లేదో, ఎక్కడ లేదో రెండూ చెప్పనిదే నైయాయికులు (న్యాయదర్శనం వారు) ఒప్పుకోరు. భాట్ట మీమాంసకులు, అద్వైతులు ‘కనబడకపోవడం’ అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణం, అంటే తెలుసుకునే సాధనం అన్నారు, కానీ ఉంటే కనబడి తీరాల్సిన చోట కనబడనప్పుడే. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండే లేదనడానికి వీల్లేదు.

‘ఉంటే కనబడాలి’ అన్న షరతు దగ్గరా, ‘ఎక్కడ లేదు’ అన్న ప్రశ్న దగ్గరా ఫోన్ తడబడుతుంది. ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణమైంది 1970లో. నెల్లూరు సీమ నుంచి వెళ్ళి 1854లో మద్రాసులో అచ్చుకూటం పెట్టిన వావిళ్ల వారి పాత ముద్రణలకు ఆ గీతలెక్కడివి? వరల్డ్‌క్యాట్ లాంటి ఉమ్మడి జాబితా కూడా తనకు వివరాలు అందిన గ్రంథాలయాల సంగతే చెప్పగలదు.

‘ఎక్కడ’ అన్న ప్రశ్న విలువ ఉదయగిరి వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 1514లో గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలిచిన కృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఉదయగిరి కొండమీద వెతికి “లేదు” అన్నవాడి మాట నిజమే, ఆ కొండ వరకే నిజం. దాన్నిబట్టి స్వామే లేడని తేల్చేస్తే అన్యాయం.

పుస్తకాల విషయంలో ఇలాంటి అన్యాయమే ఇప్పుడు చడీచప్పుడు లేకుండా జరిగిపోగలదు. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో సూత్రీకరించారు. ఫోన్ కంటికి ఆనని పాత పుస్తకం బీరువాలో ఉండగానే పాఠకుణ్ణి పోగొట్టుకుంటుంది. దానికి ఐఎస్‌బీఎన్ లేకపోయినా గ్రంథాలయం రిజిస్టరులో అక్సెషన్ నంబరు ఉంటుంది. ఆ నంబర్లనూ పేర్లనూ కంప్యూటరుకెక్కించడం చిన్న గ్రంథాలయానికి ఓపికతో కూడిన పని, కానీ కొత్త పుస్తకాలను స్కాన్ చేయడం కంటే ముందు జరగాల్సిన పని. అందాకా తెర మీద “లేదు” బదులు “ఈ జాబితాలో లేదు, రిజిస్టరు చూడండి” అని చూపించినా అన్నంభట్టుకు అభ్యంతరం ఉండదు.