నవ్వుటకు ఎవరి కధికారము?

ఒకరిని చూచి నవ్వరాదని మన పెద్దలు చిన్ననాడే మనకు చెప్పియుండిరి. అయినను నవ్వు పుట్టవలయునన్న ఎవరో యొకరు కాలు జారవలయును, లేక మాట తప్పవలయును, లేక పెట్టిన సొమ్ము పోగొట్టుకొనవలయును. తోటివాని తబ్బిబ్బు లేని హాస్యము మిక్కిలి అరుదు. ఇట్లుండగా నవ్వు తప్పగునా? లేక కొందరికి మాత్రమే ఆ యధికారము కలదా? ఈ ప్రశ్న మాకు ఏ ఉపనిషత్తు వలననో గాక ఒక టెలివిజను హాస్య ధారావాహిక వలన తోచినదని చెప్పిన, పాఠకులు నవ్వుదురేమో. నవ్వవచ్చును, మనము పరిచితులమే గదా.

ఆ ధారావాహిక పేరు “అమృతం”. 2001వ సంవత్సరము నవంబరు 18వ తేదీ ఆదివారమునాడు జెమిని టీవీలో ప్రారంభమై, సరిగా ఆరేండ్లకు, 2007 నవంబరు 18వ తేదీన ముగిసినది. భాగములు మూడు వందలకు పైబడినవి. నిర్మాత గుణ్ణం గంగరాజుగారు. ప్రారంభగీతమును సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు వ్రాయగా కల్యాణి మాలిక్‌గారు స్వరపరచిరి. కథగా చెప్పుటకు పెద్దగా ఏమియు లేదు. అమృతరావు, ఆంజనేయులు అను ఇద్దరు మిత్రులు ధనవంతులు కావలయునని “అమృత విలాస్” అను హోటలు పెట్టుదురు. ధనము రాదు. వారి ఇల్లాండ్రు సంజీవని, శాంత, ఇంటి యజమాని అప్పాజీ, పనివాడు సర్వం. ఇంతే పరివారము. పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడుగు ఆచారము చిరకాలముగా గల బెంగుళూరులో అప్పాజీని ఎవరికిని పరిచయము చేయ నక్కరలేదు.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లోనే వెలసినను, ఆ ప్రసారములు మన యింటి ఏంటెనాకు అందెడివి కావు. 1981లో బెంగుళూరు కేంద్రము వచ్చినది. దాని భాష న్యాయముగా కన్నడము. తెలుగు నవ్వు వినవలయునన్న గాంధీనగరు సినిమాహాళ్లకు పోవలసినదే. 1995లో ఈటీవీ, జెమిని వచ్చి, కేబులు తీగెలు వీధులలో వ్యాపించిన పిదపనే తెలుగు మాట ప్రతిదినమును మన ముందుగదిలోనికి వచ్చినది. సినిమా చూచుట చుట్టపుచూపు వంటిది. వారము వారము వచ్చు ధారావాహిక పొరుగింటి కాపురము వంటిది. ఈ భేదమును గమనింపవలయును.

కొంతకాలము క్రిందట, సెలవులలో బంధువులందరు చేరినపుడు, యూట్యూబులో “అమృతం” మొదటి భాగమును పెట్టిరి. మా మనుమరాలికి పదేండ్లు. ఇంట తెలుగు మాటలాడును, బడిలో కన్నడమును ఇంగ్లీషును చదువుకొనును. ఆమె అంతకుముందు దానిని చూచియుండలేదు. ఆంజనేయులు పాత్రధారి గుండు హనుమంతరావుగారి ముఖము కనబడగానే పెద్దలందరు ఘొల్లున నవ్విరి. పిల్ల మాత్రము మా ముఖములను చూచి, “తాతా, ఆయన ఇంకా ఏమీ చెయ్యలేదు కదా, అప్పుడే ఎందుకు నవ్వుతారు?” అని అడిగెను. ముందుముందు వారు హోటలు పెట్టుదురనియు, అది నడవదనియు మేము చెప్పగా, “పాపం, వాళ్ల డబ్బులు పోవా?” అనెను.

చూడుడు. పరిచయము లేని పిల్ల జాలి పడినది. ఏండ్ల తరబడి వారిని ప్రేమించిన మేము వారి నష్టమునకు నవ్వితిమి. ఎవరి హృదయము మెత్తనిది? వచ్చే ఆదివారమునకు వారు మరల లేచి నిలుతురని మాకు తెలియును గనుక నవ్వితిమని సమాధానము చెప్పవచ్చును. కాని అది ధారావాహికకు చెల్లునే గాని లోకమునకు చెల్లదు. నిజముగా హోటలు పెట్టి చితికినవానికి వచ్చే ఆదివారము అప్పులవాడు వచ్చును.

భరతముని నాట్యశాస్త్రమున హాస్యము శృంగారము నుండి పుట్టునని చెప్పియున్నాడు. పండితులు దీనికి వేరువిధముల వ్యాఖ్యానింతురు. మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవారము గనుక మేము తేటగా ఇట్లు గ్రహించుచున్నాము: ప్రీతి ముందు, నవ్వు తరువాత. ఆ ముని నవ్వులను ఆరు విధములుగా విభజించి, స్మిత హసితములను ఉత్తములకును, అపహసిత అతిహసితములను అధములకును కేటాయించెను. మా మట్టుకు నవ్వు ఎంత బిగ్గరగా నుండెనన్నది ముఖ్యము కాదు. ఎంత దగ్గరనుండి వచ్చెనన్నదే ముఖ్యము. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి “బారిష్టరు పార్వతీశం” తెలియక ఆడువారి టోపీ కొని పెట్టుకొనినపుడు దారిలోని అపరిచితులును నవ్విరి, పుస్తకము చేతబట్టిన మనమును నవ్వితిమి. రెండును ఒక్కటి కావు. మనము మొగలితుర్రు నుండి అతనితో బయలుదేరి వచ్చినవారము.

అందువలననే మొదటి భాగము ఏ హాస్య ధారావాహికకైనను కష్టమైన పరీక్ష. అప్పటికి పాత్రలందరు అపరిచితులు. అమెరికాలో చార్లెస్ డగ్లస్ అను ఇంజనీరు 1950వ దశకమున నవ్వులను టేపులలో నిలువచేసి, మీట నొక్కినంతనే వినిపించు పెట్టె నొకదానిని చేసెను. ఇంకను స్నేహము కుదరనిచోట అరువు తెచ్చిన నవ్వది. “అమృతం”లో అమృతరావు వేషమును మొదట శివాజీరాజాగారు ధరింపగా, తరువాత నరేష్‌గారు, హర్షవర్ధన్‌గారు ధరించిరి. ముఖము మారిన ప్రతిసారియు మా యింట నవ్వు కొన్ని వారములు వెనుకాడినది. పరిచయము మరల మొదటినుండి చేసికొనవలసి వచ్చినది. ఆంజనేయులు మాత్రము కడవరకు హనుమంతరావుగారే. వారు 2018 ఫిబ్రవరిలో దివంగతులైరి. ఇప్పుడును మొదటి భాగమున వారిని చూడగానే నవ్వు వచ్చును. అది అపచారమని మాకు తోచదు. మా మనుమరాలును ఆరవ భాగమునకో ఏడవ భాగమునకో మాకన్న ముందే నవ్వసాగినది. జాలి పోలేదు, దాని ప్రక్కన నవ్వు వచ్చి కూర్చున్నది.

ఇది టెలివిజనుతో ముగియు సంగతియైన ఇంత వ్రాయ నక్కరలేకపోయెను. ఈ నగరమున ఒక ఉగాది సభలో ఒక యువకుడు పాలమూరు కూలీల మాటను అనుకరించెను. గొంతు బాగుగ పట్టెను. సభ యంతయు చప్పట్లు కొట్టెను. మా ప్రక్క కూర్చున్న మహబూబ్‌నగర్ జిల్లా పెద్దమనిషి మాత్రము నేల చూచుచుండెను. బెంగుళూరు మేడలు లేచినది ఎవరి భుజములమీదనో ఆ యువకునకు తెలియదని కాదు; వారిలో ఒక్కని పేరైన అతనికి తెలియునా యని మాత్రమే మా సందేహము. మన సంగతియు ఇట్టిదే గదా. విజయవాడ పెండ్లిండ్లలో మనము “ఏమప్పా, ఎట్లుండారు” అనగానే వియ్యాలవారు మూతి బిగించి నవ్వుదురు. అదే మాటకు మేనత్త నవ్వినపుడు మనకు నొప్పి కలుగదు.

అనుకరణను సభలనుండి నిషేధింపవలయునని కొందరు మిత్రులు పట్టుబట్టుచున్నారు. మేము అంగీకరింపము. నిషేధించిన నవ్వు తలుపు చాటున విషమగును. అయితే వేదిక నెక్కువాడు ఎవరి మాటను తెచ్చుచున్నాడో వారి ముందు ఒకసారి ఆ మాటను పలికి, వారు నవ్విన పిదపనే సభకు రావలయునని మా సూచన. కార్యదర్శులకు ఇది చాదస్తముగ తోచవచ్చును.

మా వీధి చివర ఒక కట్టడము లేచుచున్నది. అచ్చటి పాలమూరు కుటుంబములు ఎనిమిది నెలలుగా మా కొళాయి నీరు పట్టుకొనుచున్నవి. మా యింట అందరి పేర్లును వారికి తెలియును. మొన్న సాయంకాలము మేము నడచి వచ్చుచుండగా, ఇసుకకుప్పమీద కూర్చున్న పడుచువాడొకడు చేతికఱ్ఱ పట్టినట్లు నటించుచు, “ఏమప్పా, నీళ్లు వస్తా ఉండాయా” అని మా గొంతుతోనే అనెను. స్త్రీలు కొంగులడ్డము పెట్టుకొని నవ్విరి. వాడు బాగుగనే పట్టెను; ఆ “ఉండాయా” దగ్గర లాగుట మాత్రము కొంచెము చాలలేదని చెప్పి, ఎట్లు లాగవలయునో చూపి వచ్చితిమి.