పక్షిగూటిని గూర్చి బోధించువారు



చదువుకొను మన యౌవనస్థులలో కొందరు ఈ దినములలో పక్షుల అభయారణ్యములలో కొన్ని నెలలు శిక్షణ పొందుచు, అక్కడికి వచ్చు బడిపిల్లలకు పక్షులను గూర్చియు నీటిని గూర్చియు నేర్పుచున్నారు. మంచి పనియే. అయితే ఇందులో చిక్కు ప్రశ్న ఒకటి కలదు. తాను ఏమియు పోగొట్టుకొననివాడు, పోగొట్టుకొన్నవానికి త్యాగమును బోధింపవచ్చునా?

కొల్లేటినే చూడుడి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఈ సరస్సులో బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలియును. మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రమునకు పోవును. 1999లో ప్రభుత్వము 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటించెను. 2006లో చేపల చెరువుల గట్లను యంత్రములతో తెగగొట్టిరి. ఆ చెరువులలో ధనవంతుల పెట్టుబడియు ఉండెను, లంక గ్రామముల పేదల కూలియు ఉండెను. గట్టు తెగినప్పుడు ఇద్దరి నష్టము ఒకటి కాదు. పెట్టుబడి మరియొక చోటికి పోగలదు. కూలివాడు ఎక్కడికి పోవును?

కైకలూరు దగ్గర ఆటపాకలో, చెట్లు చాలనందున అటవీశాఖవారు నిలిపిన ఇనుప మంచెలమీద గూడబాతులు గూళ్లు కట్టును. శిక్షణలోనున్న మన అమ్మాయి ఒకతె అక్కడ నిలువబడి, ఆ పక్షి ముక్కు క్రింది సంచిని చూపి పాఠము చెప్పుచుండగా, "అక్కా, మా నాన్న కంటె ఈ పక్షి ఎక్కువా?" అని లంక పిల్లవాడు అడిగినయెడల ఆమె ఏమి చెప్పవలెను?

జాలిపడి సత్యమును దాచరాదని నా తలంపు. గట్లు అడ్డుపడినప్పుడు వరదనీరు ఉప్పుటేటికి చేరలేక ఊళ్లమీదికిని పొలములమీదికిని ఎక్కును. ఇది పక్షుల మాట కాదు, వాని ఇంటి గుమ్మము మాట. అయితే అంతమాత్రము చెప్పి ఊరకుండుటయు సగము సత్యమే. వాని తండ్రి కూలి పోయిన సంగతియు ఆమె నోట రావలెను. పక్షుల పటములో అది కనబడదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షిగూటిని గూర్చిన ఆజ్ఞ ఒకటి యున్నది. త్రోవలో గూడు కనబడినవాడు పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెను. ఆకలిగొన్నవానిని అది గద్దింపలేదు. అంతయు దోచుకొనుమనియు చెప్పలేదు. (కడుపు నిండినవారే ఇట్టి మాటలను ఇతరులకు ఎక్కువగా వినిపింతురు, అది వేరు సంగతి.)

కాబట్టి ఆ అమ్మాయి పిల్లలను ఒడ్డుకు నడిపించుటకు ముందు, కొన్ని సాయంకాలములు లంకలో వలలు బాగుచేసికొను వారియొద్ద కూర్చుండుట మేలు. ఏ గాలికి నీరు ఎటు లాగునో, ఏ నెలలో ఏ చేప పడునో వారికి తెలియును. వారడుగు ప్రశ్నలకు ఆమెయొద్ద జవాబు లేకపోయినను పరవాలేదు. మరునాడు అవే ప్రశ్నలను ఆమె తన పై అధికారిని అడుగవచ్చును.