సముద్రతీరమున క్రొత్త యిల్లు

(ధ్యాన భాగములు: ద్వితీ. 22:8, మత్తయి 7:24–27, అపొ. కార్య. 10:5–23)



మన తల్లాడ ప్రాంతమున పుట్టినవారికి అడవి తెలియును, చెరువు తెలియును, సముద్రము తెలియదు. అయితే మన పిల్లలలో కొందరు పని నిమిత్తము విశాఖపట్టణమునకో మచిలీపట్టణమునకో పోయి, అక్కడనే యిల్లు కట్టుకొనుచున్నారు. గృహప్రతిష్ఠకు పిలుపు రాగానే పెద్దలు, “సముద్రమునొద్ద కాపురమేమి, నాయనా?” అని అడుగుదురు. ఆ భయము అవిశ్వాసమా? లేక అట్టి చోట కాపురముండుట దేవుని శోధించుటయా?

భయమునకు కారణము లేకపోలేదు. 1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్టణమును ఉప్పెన ముంచగా సుమారు 30,000 మంది చనిపోయిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో సుమారు 5 మీటర్ల ఎత్తున నీరు పొర్లివచ్చి ఊళ్లను తుడిచిపెట్టెను. సుమారు 10,000 మంది ప్రాణములు పోయెను. ఆ నీరు భక్తుని పాకను విడిచి పాపి పాకను ముంచలేదు. కనుక చనిపోయినవారినిగూర్చి తీర్పు చెప్పుట మనకు తగదు. సిలోయము గోపురము కూలిన సంగతి చెప్పి ప్రభువు ఈ పాఠమునే నేర్పెను (లూకా 13:4).

ఇసుకమీది యింటి ఉపమానమును మరల చదువుడి. వానయు వరదయు గాలియు రెండిండ్లమీదికిని వచ్చినవి. బండమీద కట్టుట అనగా ప్రభువు మాట విని, దాని చొప్పున చేయుటయే. అయితే యిల్లు కట్టువానికి దేవుడు చెప్పిన మాట ఏది? క్రొత్త యింటి మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది. ఎవడైనను అక్కడనుండి పడినయెడల ఆ రక్తాపరాధము ఆ యింటిమీద నుండును. ఆ గోడ యజమానుని కొరకు మాత్రమే కాదు. చుట్టము కొరకు, కూలివాని కొరకు, పొరుగింటి పిల్లవాని కొరకు. నా యింట నేను క్షేమమా అనుట సగము ప్రశ్న. నా యింటివలన పొరుగువాడు క్షేమమా అనునది మిగిలిన సగము.

దివిసీమ ఉప్పెన తరువాత కోస్తా పొడవున తుపాను షెల్టర్లు కట్టబడెను. ముందుగా హెచ్చరించి జనులను తరలించు ఏర్పాట్లు బలపడెను. 1990 మే నెలలో అదే కోస్తామీదికి మరియొక గొప్ప తుపాను వచ్చినప్పుడు మృతుల సంఖ్య వెయ్యికి లోపుగా నుండెను. ఆ షెల్టర్లు ఊరంతటికి పిట్టగోడలు. హెచ్చరిక విని యిల్లు విడుచుట అవిశ్వాసము కాదు. విడువలేని ముసలివారిని చెయ్యి పట్టి తీసికొనిపోవుట విశ్వాసక్రియ.

సముద్రపు దరి నున్న యింకొక యిల్లు లేఖనములో నున్నది. అది యొప్పేలోని చర్మకారుడైన సీమోను ఇల్లు. చచ్చిన జంతువును ముట్టినవాడు అపవిత్రుడని యెంచు జనుల మధ్య అతని వృత్తి నీచమైనది. లందయొద్ద పని చేసినవారిని మన ఊళ్లు ఎంత దూరమున నుంచెనో మనలో అనేకులు తాతల నోట వినియున్నారు. అట్టి యింట పేతురు దిగెను. ఆ మిద్దెమీదనే ప్రార్థించుచుండగా, ఏ మనుష్యుని అపవిత్రుడని యెంచకూడదని దేవుడతనికి బోధించెను. వెంటనే అన్యజనుల మనుష్యులు వాకిట నిలిచిరి. వారికి ఆ యింట ఆతిథ్యము దొరికెను.

ప్రియులారా, అద్దె యిల్లు వెదకుచు పోయినప్పుడు మన కులమడిగిన మాట మన మనస్సున గ్రుచ్చుకొన్నది. ఇప్పుడు యిల్లు మనదైనది. మన గుమ్మమున మనమే ఆ ప్రశ్న అడుగుదుమా? ఒకే బల్లయొద్ద ప్రభు సంస్కారము పుచ్చుకొని, ఒకరి యింట ఒకరము అన్నము తినుటకు వెనుదీయుదుమా? ఉప్పెన నీరు మెడవరకు వచ్చిన దినమున డాబామీదినుండి చేయి అందించువాడు కులమడుగునా? ఆపద దినమున అడుగని దానిని నెమ్మది దినమున ఎందుకు అడుగవలెను?

కనుక తీరమున కాపురమున్న మన పిల్లలారా, షెల్టరునకు పోవు త్రోవ తెలిసికొనుడి. హెచ్చరికను అలక్ష్యము చేయకుడి. ఇంతవరకు పిలువనివానిని మొదటి భోజనమునకు పిలువుడి. సముద్రము చూడని మనకును తలుపు ఉన్నది, గుమ్మము ఉన్నది. ఈ మాట మనకును చెందును. మన ఇండ్లను అనేకులకు ఆశ్రయములుగా ప్రభువు చేయును గాక. ఆమేన్.