నాలుగో రుణం

కాచిగూడ నుంచి సికింద్రాబాద్ వైపు వెళ్లే ఎంఎంటీఎస్ రైలు విద్యానగర్, జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ అని వరసగా మూడు స్టేషన్లలో ఆగుతుంది. మూడూ చదువు పేర్లే. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ గులాబీ రాతి భవనం తమ చుట్టూ ఒక ఊరినే పెంచుకున్నాయి. అడిక్‌మెట్, విద్యానగర్, తార్నాక, మాణికేశ్వర్‌నగర్ వీధుల్లో ఏ మేడ చూసినా పై అంతస్తులో దండెం నిండా టీషర్టులు, లుంగీలు, తువ్వాళ్లు. ఇడ్లీ బండి దగ్గర పొగలు పోకముందే మొదటి బేరం కుర్రాళ్లదే. జిరాక్సు షాపులో పాత ప్రశ్నపత్రాల కట్టలు. కర్రీ పాయింటులో రబ్బరుబ్యాండు బిగించిన కవర్లలో వేడి సాంబారు. మెట్ల కింద ఖాళీ వాటర్ క్యాన్లు.

ఈ వీధుల్లో చెవిన పడే పిలుపులు వింటే ఒక సంగతి తెలుస్తుంది. ఇల్లు అద్దెకిచ్చినావిడ 'ఆంటీ'. మెస్సు నడిపేవాడు 'అన్న'. టీ కొట్టతను 'భాయ్'. కూరలు వడ్డించే పెద్దావిడ 'అమ్మా'. నెలనెలా డబ్బు లెక్క చూసుకునే చోట ఇన్ని వరసలెందుకు? తెలుగువాడు ఎవరితోనైనా పది నిమిషాలు మాట్లాడితే వావి కలపకుండా ఉండలేడు, నిజమే. కానీ ఇక్కడ ఆ అలవాటు ఒక పెద్ద ప్రశ్నను మోస్తోంది. అద్దె కట్టేశాక, మెస్సు బిల్లు తీర్చేశాక, చదువుకోవడానికి వచ్చిన పిల్లవాడు ఆ వీధికి ఇంకా ఏమైనా బాకీ ఉంటాడా? ఆ వీధి అతనికేమైనా బాకీ ఉంటుందా?

రుణాలంటే మనవాళ్లు మూడే చెబుతారు: దేవ, ఋషి, పితృ రుణాలు. శతపథ బ్రాహ్మణం నాలుగోది కూడా చెప్పింది. పుట్టినవాడు పుట్టడమే అప్పుతో పుడతాడని, దేవతల అప్పు యజ్ఞంతో, ఋషుల అప్పు చదువుతో, పితరుల అప్పు సంతానంతో తీరుతుందని చెప్పి, మనుషుల అప్పును కూడా ఆ వరసలోనే నిలబెట్టింది. అది తీరే దారి కూడా చెప్పింది: మనుషులకు ఉండటానికి చోటివ్వాలి, తినడానికి పెట్టాలి. గది, మెస్సు. యూనివర్సిటీ పక్కనున్న ఏ వీధైనా రోజూ చేసే రెండు పనులూ ఇవే. వేల ఏళ్ల నాటి ఒక యజ్ఞ గ్రంథం వాటిని దేవతల అప్పు పక్కన కూర్చోబెట్టింది. దాన్ని ఊరికే చదివి వదిలేయకూడదు.

తెలుగునాట ఈ అప్పు తీర్చడానికి ఒక పద్ధతే ఉండేది. వారాలు. పేదింటి పిల్లవాడు వేదానికో, సంస్కృతానికో, తర్వాతి కాలంలో ఇంగ్లీషు చదువుకో పట్నం చేరి, ఏడిళ్లు మాట్లాడుకునేవాడు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. ఏడు రోజులకూ ఏడిళ్లు కుదరకపోతే ఆ పూట పస్తు. 'వారాలు చేసుకుని చదువుకున్నాడు' అనే మాట పాత తరం పెద్దల జీవిత చరిత్రల్లో తరచూ కనిపిస్తుంది. దీని పక్కనే మధూకరం. తేనెటీగలా ఇంటింటికీ తిరిగి, ప్రతి ఇంట్లో పిడికెడు వండిన అన్నం తెచ్చుకోవడం. బౌద్ధులూ భిక్షువుకు తేనెటీగనే ఉపమానంగా తెచ్చారు. పువ్వుకు గాయం కాకుండా తీసుకోవడం నేర్చుకోమన్నారు. ఇప్పటికీ ఉపనయనంలో వటువు పళ్లెం పట్టుకుని మొదట తల్లి దగ్గరికి వెళ్లి 'భవతి భిక్షాం దేహి' అంటాడు. ఫొటోగ్రాఫర్ 'మళ్లీ ఒకసారి' అంటే ఇంకోసారి అంటాడు. ఆ మాట ఒకప్పుడు ఆ పిల్లవాడి రేపటి భోజనం.

ఈ పద్ధతిని తలుచుకుని మురిసిపోయేముందు దాని లోపలికి కూడా చూడాలి. వారం ఇచ్చిన ఇంట్లో పిల్లవాడు నోరెత్తకూడదు. పని చెబితే చెయ్యాలి. ఆ ఇంటి అబ్బాయికి వేసిన నెయ్యి తన విస్తట్లో పడకపోతే చూడనట్టు ఉండాలి. అంతకంటే పెద్ద సంగతి, ఆ ఏడు గుమ్మాలూ ఎవరికి తెరుచుకున్నాయన్నది. భిక్ష అడిగేటప్పుడు ఏ వర్ణం వాడు 'భవతి' అనే మాటను వాక్యంలో ఎక్కడ పెట్టాలో కూడా మనుస్మృతి నిర్ణయించింది. ముందు, మధ్య, చివర అని ముగ్గురికే చోటుంది. నాలుగోవాడికి ఆ వాక్యమే లేదు. 'మనుషుల' అప్పు అన్న మాట గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కొందరు మనుషుల అప్పుగా కుంచించుకుపోయింది. హైదరాబాద్‌లో 1918లో రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ వెలిసింది. పల్లె నుంచి వచ్చిన పిల్లలకు తల దాచుకునే చోటు కావాలంటే ఎవరి కులంవాళ్లు వాళ్లే కట్టుకోవాల్సిన కాలం అది.

మరి డబ్బు వచ్చి ఈ అవమానాన్ని తుడిచేయలేదా? చాలా వరకు తుడిచింది. బిల్లు కట్టినవాడు తల దించుకోనక్కర్లేదు. అన్నం అమ్ముకోవడం పాపమని, పూటకూళ్ల ఇల్లు నడపడం పరువు తక్కువని లోకం అనుకునే రోజుల్లోనే, భర్త పోయిన ఒక తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి కొడుకులను చదివించింది. ఆ కొడుకుల్లో ఒకరు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం. తల్లి పడ్డ కష్టాన్ని ఆయన తన ఆత్మకథలో దాచుకోకుండా చెప్పుకున్నారు. ఆమె అన్నానికి వెల కట్టింది. అయినా ఆమె చేసింది ధర్మం కాదనడానికి నోరెలా వస్తుంది? ఇవాళ అడిక్‌మెట్ సందులో తెల్లవారుజామున నాలుగింటికి లేచి బియ్యం కడిగే మెస్సు ఆవిడకూ ఇదే మాట వర్తిస్తుంది.

జీహెచ్ఎంసీ 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలుపెట్టిన భోజనం సంగతి చూడండి. పళ్లెంలో అన్నం, సాంబారు, కూర, పచ్చడి. వెల ఐదు రూపాయలు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు మధ్యాహ్నం ఆటోడ్రైవర్ల వెనక, అడ్డా కూలీల పక్కన ఆ వరసలో నిలబడతారు. చంకలో కరెంట్ అఫైర్స్ పుస్తకం, చేతిలో ఐదు రూపాయల బిళ్ల. ఆ భోజనం ఖర్చుకు ఆ బిళ్ల ఏ మూలకూ రాదు. ఖర్చు కోసమే అయితే ఆ బిళ్ల తీసుకోవడంలో అర్థమే లేదు. కానీ ఆ బిళ్ల బల్ల మీద పెట్టినవాడు అడిగి తిన్నవాడు కాడు, కొని తిన్నవాడు. పళ్లెం తీసుకుని నీడ వెతుక్కుంటూ నడిచే ఆ నడకలో ఆ తేడా కనిపిస్తుంది. వారాలబ్బాయికి దొరకనిది ఇతనికి దొరికింది.

అయినా డబ్బు ఒక్కటే చాలదనడానికి అంబేడ్కర్ జీవితంలోని ఒక్క రోజు చాలు. విదేశాల్లో చదువుకుని వచ్చిన ఆయన 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. ఏ హోటలూ చోటివ్వదని తెలిసి, పార్సీ పేరు చెప్పుకుని పార్సీల సత్రంలో దిగారు. రోజుకు రూపాయిన్నర ఇచ్చారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకున్న గుంపు మెట్లెక్కి వచ్చింది. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమంది. స్నేహితులను, ఒక హిందువును, ఒక క్రైస్తవుణ్ణి అడిగారు. ఇద్దరింట్లోనూ చోటు లేదు. బొంబాయి రైలు వేళ దాకా ఊరి తోటలో కూర్చున్నారు. ఆయన అద్దె బాకీ ఉన్నది లేదు. అదే అంబేడ్కర్‌కు 1953లో ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఇవాళ ఆ విశ్వవిద్యాలయం చుట్టుపక్కలే గాక మన ఏ నగరంలోనైనా గది వెతుక్కునే పిల్లవాడికి టు-లెట్ బోర్డు దాటగానే ఎదురయ్యే ప్రశ్న అడ్వాన్సు గురించి కాదు. 'మీరేవుట్లు?' అని. లేదంటే 'నాన్‌వెజ్ తింటారా?' అని. లేదంటే అసలు 'బ్యాచిలర్లకు ఇవ్వం' అని.

బ్యాచిలరును తెలుగులో బ్రహ్మచారి అంటాం. గాలిని ఆధారం చేసుకుని ప్రాణులన్నీ బతికినట్టు మిగతా ఆశ్రమాలన్నీ గృహస్థును ఆధారం చేసుకుని బతుకుతాయని ధర్మశాస్త్రం చెప్పింది. ఆ ఆశ్రమాల్లో మొదటిది బ్రహ్మచర్యం. గుమ్మంలోకి రానివ్వాల్సిన వాళ్లలో మొదటివాడి పేరే గుమ్మం మీద నిషేధంగా వేలాడుతోంది. గోడకు తాయెత్తూ, తలుపుకు మామిడాకులూ కట్టుకున్న ఇళ్లలోనే ఆ బోర్డు కనబడటం బాధ కలిగిస్తుంది.

ఇంటివాళ్ల వైపు కూడా న్యాయం ఉంది. అర్ధరాత్రి పన్నెండింటికి మేడ మీద పుట్టినరోజు కేకు కోస్తారు. ముఖాలకు పులుముకుంటారు, కేకలేస్తారు. కింద అంతస్తులో బీపీ మాత్ర వేసుకుని పడుకున్న పెద్దాయన లేచి కూర్చుంటాడు. పొద్దున మెట్ల మీద క్రీము మరకలు తుడిచేది పనిమనిషి. ఈ గొడవ ఎంత పాతదో తెలియాలంటే తిలముఠ్ఠి జాతక కథ చదవాలి. తక్షశిలలో చదువుకుంటున్న ఒక రాజకుమారుడు గురువుతో స్నానానికి వెళుతూ, దారిలో ఒక ముసలమ్మ ఎండబోసిన నువ్వుల్లోంచి గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాడు. మర్నాడూ అంతే. మూడో రోజు ఆమె చేతులెత్తి ఏడ్చింది, ఇంత పెద్ద గురువు శిష్యుల చేత తనను దోపిడీ చేయిస్తున్నాడని. గురువు వెల ఇస్తానన్నాడు. ముసలమ్మ వెల వద్దంది. ఆ పిల్లవాడు మళ్లీ ఇలా చేయకుండా నేర్పమంది.

ఆ తర్వాత గురువు శిష్యుణ్ణి వెదురుబద్దతో కొట్టడం, వాడు రాజయ్యాక పగ తీర్చుకోవాలనుకోవడం కథలో పెద్ద భాగం. దెబ్బలను ఇవాళ ఎవరూ మెచ్చుకోరు, మెచ్చుకోకూడదు. కథకు ప్రాణం మాత్రం ముసలమ్మ నోట ఉంది. ఆమె పేదరాలు, నువ్వులు ఆమె జీవనం. రాజకుమారుడి దగ్గర డబ్బుంది, అతని తండ్రి గురువుకు వెయ్యి నాణేలు ముందే పంపించాడు. వెల పుచ్చుకుంటే లెక్క సరిపోయేది. కానీ తన వీధిలో చదువుకునే పిల్లవాడు ఎలాంటి మనిషిగా తయారవుతున్నాడన్నది తన సంగతి కూడా అని ఆమె అనుకుంది. గురువు కూడా గేటు బయట జరిగింది నా పని కాదనలేదు. మన విశ్వవిద్యాలయాలు హాజరు లెక్కపెడతాయి, మార్కులు లెక్కపెడతాయి. గేటు దాటిన తర్వాతి వంద గజాల గురించి అవి ఒక్క మాటైనా మాట్లాడాలి.

ఇంకో రకం దాతలున్నారు, కంటికి కనబడరు. నలందా విహారానికి రాజు సుమారు వంద గ్రామాల ఆదాయం ఇచ్చాడని, ఆ ఊళ్ల గృహస్థులు రోజూ బియ్యం, వెన్న, పాలు పంపేవారని హ్యుయెన్‌త్సాంగ్ జీవిత చరిత్ర చెబుతుంది. అందుకే అక్కడి విద్యార్థులు జోలె పట్టకుండా చదువుకున్నారు. ఆ వంద గ్రామాల రైతుల్లో ఎందరు ఆ విహారం గడప తొక్కారో! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఇంజనీరింగు చదివిన పిల్లలకూ ఇలాంటి వంద గ్రామాలు ఉన్నాయి. సబ్బుబిళ్ల మీద పన్ను కట్టిన కూలీ ఉన్నాడు. అద్దె రసీదులో ఆ పేర్లు ఉండవు. ఆ అప్పు ఎవరికి తిరిగివ్వాలో కూడా తెలియదు.

ఋషుల రుణం తీర్చే పద్ధతి ఇక్కడ దారి చూపిస్తుంది. ఋషులు లేరు, వాళ్లకు తిరిగిచ్చేదేమీ లేదు. చదువుకుని, ఆ చదువును ముందుకు పంపడమే తీర్చడం. మనుషుల రుణమూ వెనక్కి పోదు. ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్లకు కాక, తర్వాత వచ్చేవాళ్లకు చెల్లుతుంది. 1938లో హాస్టల్ ప్రార్థన గదుల్లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులు బహిష్కరణకు గురైనప్పుడు నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. వాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. నాగపూర్ ఆ పిల్లలకు ఏ విధంగానూ బాకీ లేదు. అయినా తలుపు తీసింది.

అడిక్‌మెట్‌లో ఈ చెల్లింపు ఏటా పరీక్షలైపోయాక, సెలవుల ముందు జరుగుతుంది. గది ఖాళీ చేసే సీనియర్ మూడేళ్లుగా వాడిన పరుపు, బకెట్టు, ఒంటి బర్నరు స్టవ్వు, అట్ట ఊడిన గ్రూప్స్ గైడు కొత్తగా వచ్చిన జూనియర్‌కు అప్పజెబుతాడు. ఓనరాంటీ దగ్గరికి తీసుకెళ్లి 'మావాడే ఆంటీ, మంచోడు' అంటాడు. ఆ 'మావాడు' తనకు పరిచయమై నెల కూడా కాలేదు, ఏ కులమో, ఏ మతమో అడిగింది లేదు. తర్వాత మెస్సుకు తీసుకెళతాడు. మెస్సు అన్న గల్లాపెట్టె పక్కనుంచి పొడుగాటి ఖాతా పుస్తకం తీసి, పసుపు మరకల పేజీ తిప్పి, సీనియర్ పేరు మీద అడ్డంగా గీత గీస్తాడు. నూట అరవై రూపాయలు మిగిలాయి, తిరిగివ్వబోతాడు. సీనియర్ చెయ్యి అడ్డం పెట్టి, కుర్రవాడి వైపు చూపిస్తాడు. అన్న పెన్ను విదిలించి, గీత కింద కొత్త పేరు రాసుకుంటాడు. 'జమ 160' అని పక్కన వేసి, 'పెరుగు వేసుకుంటావా?' అని అడుగుతాడు.