విడిభాగమూ ఆప్తవాక్యమూ

భాగాలన్నీ మార్చాక మిగిలేది అదే బండా అన్న ప్రశ్న తత్త్వశాస్త్రంలో ప్రసిద్ధమే గాని, బెంగళూరులో పాత పికప్పును నడుపుకోదలచినవారికి అంతకుముందే మరొక ప్రశ్న ఎదురవుతుంది: చేతికొచ్చిన భాగం నమ్మదగినదని తెలిసేదెలా? 1947లో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టిన మహీంద్రా సంస్థ తరువాత ఎఫ్‌సీ-150ని, అంటే డ్రైవరు గది ఇంజిను మీదికే వచ్చే పికప్పును, ఇక్కడ తయారుచేసింది; అమెరికాలో ఆ నమూనా 1960ల నడుమనే ఆగిపోయింది. కంపెనీ పూచీ లేని ఇటువంటి బండ్ల సామానుకు కొత్త స్పేర్ల దుకాణాలున్న జె.సి. రోడ్డో, విప్పిన బండ్ల సరుకు దొరికే శివాజీనగర్ గుజరీయో దిక్కు.

అక్కడ ప్రత్యక్షం, అనగా ఇంద్రియాలతో కలిగే జ్ఞానం, చాలదు. బ్రేకు సిలిండరులోని రబ్బరు కప్పు బ్రేకు ఆయిలుకు తగినదైనా కాకపోయినా కంటికి ఒకే నలుపు. తగనిది నాని, ఉబ్బి, పిస్టన్‌ను పట్టేస్తుంది. జ్ఞానం తనంతట తానే ప్రమాణమనీ, దానిని తప్పని చూపే బాధకం ఎదురయ్యేదాకా నమ్మవచ్చుననీ మీమాంసకులు చెప్పే స్వతఃప్రామాణ్యవాదాన్ని బెంగళూరు దగ్గరి నంది కొండ దిగుడులో పాటించడం క్షేమం కాదు. పని నెరవేరితేనే జ్ఞానం యథార్థమని తేలుతుందనే నైయాయికుల పరతఃప్రామాణ్యవాదానికీ అదే చిక్కు. ఇదివరకు సరిపడినవాటి జాతికే చెందినదని ముందే ఊహించవచ్చునని, అంటే తజ్జాతీయత్వం చేత, వారు సమాధానం చెప్పారు. కాని పార్టు నంబరుతో, డబ్బాతో సహా ఆ జాతినే అనుకరించడం డూప్లికేటు పని.

కనుక మిగిలేది శబ్దం, అనగా ఆప్తుడి మాట. విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టే చెప్పగోరేవాడు ఆప్తుడని వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో నిర్వచించి, ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనన్నాడు. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహంలో దీనిని యథార్థవక్త అని కుదించాడు. పిల్లలకు కంఠస్థం చేయడానికి అది సులువే గాని, గుజరీకి పనికివచ్చే విభజన అందులో కనుమరుగైంది, ఎందుకంటే నిజాయితీ ఉండి లోహం తెలియని వ్యాపారీ, లోహం తెలిసీ నిలవ సరుకు వదిలించుకోజూసే వ్యాపారీ వేర్వేరు రకాలుగా ముంచుతారు.

న్యాయసూత్రాలు ఇక్కడినుంచే వేదానికి వెళ్తాయి: ఆయుర్వేదం ఫలించడం కళ్ళెదుట కనిపిస్తుంది గనుక, దానిని చెప్పిన ఆప్తుల మాట స్వర్గం వంటి కనబడని విషయాల్లోనూ ప్రమాణమే. ఈ వాదంలో బలమూ బలహీనతా ఒకేచోట ఉన్నాయి. చెప్పగోరే బుద్ధి, వాత్స్యాయనుడు దానికి జతచేసిన భూతదయ, మనిషి స్వభావాలు గనుక ఒక విషయం నుంచి మరొక విషయానికి వెంట రావచ్చు. సాక్షాత్తుగా ఎరగడం అలా రాదు. గేర్‌బాక్సు విషయంలో మాట నిలబెట్టుకున్న మేస్త్రీకి రబ్బరు తెలుసునని అనుకోవడానికి ఆధారం లేదు, పైగా రబ్బరు తనకు తెలియదని అతడే చెప్పినప్పుడు గేర్ల గురించి చెప్పిన మాటకు విలువ పెరుగుతుంది. ఉదయనుడి వంటి తరువాతి నైయాయికులు వేదకర్తను సర్వజ్ఞుడైన ఈశ్వరుడిగా నిలపడంతో ఈ లోపం పూడింది, ఎందుకంటే సర్వజ్ఞుడికి తెలియని రంగం ఉండదు. శివాజీనగర్‌లో అటువంటి ఆప్తుడు దొరకడు గనుక గేర్లకొకరినీ రబ్బరుకొకరినీ విడివిడిగా అడగవలసిందే.